తొంభై నాలుగు నిమిషాలు దించని భుజం

భుజానికి రిటైర్మెంటు

యాభై మూడో ఏట రిటైరయ్యానంటే అందరూ నవ్వుతారు. రిటైరయింది నేను కాదు, నా కుడి భుజం. రాజోల్లో డాక్టరు గారు ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి చాలాసేపు చూసి, "ఏం మోసేవారండీ తవరు?" అని అడిగారు.

"పెళ్లిళ్లండి" అన్నాను.

నిజమే. ఇరవై ఏళ్లకు పైగా కోనసీమలో పెళ్లిళ్లకు వీడియో తీశాను. జనం నన్ను వీడియో సూరిబాబు అనేవారు. ఇప్పుడు అరచేతిలో పట్టే కెమెరాలతో, ఎగిరే కెమెరాలతో ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ కెమెరా కొనాలో చెప్పను. అది మీకే బాగా తెలుసు. ఆ కెమెరా వెనకున్న మనిషికి ఏం తెలియాలో అది చెబుతాను.

ముందే ఒక మాట. నేను కొంచెం పెంచి చెబుతానని మా ఊళ్లో పేరుంది. ముంగండలో ఒక పెళ్లికి ఎంతసేపు కదలకుండా నిలబడ్డానంటే, నా కెమెరా మీద గూడు కట్టడానికి కాకి రెండుసార్లు పుల్ల తెచ్చింది. ఇది నమ్మకపోయినా నాకు కోపం రాదు. కింద రాసేది మాత్రం నమ్మాలి. దానికి సాక్ష్యం తెరమీద ఉంది.

మాస్టారి బొటనవేలు

తొంభైల మొదట్లో నేను పని నేర్చుకున్నది అబ్బులు మాస్టారి దగ్గర. రాజోలు బస్టాండు దగ్గర ఆయన స్టూడియో. మాస్టారు తిట్టేవారు కాదు, మెచ్చుకునేవారూ కాదు. మేం తీసుకొచ్చిన క్యాసెట్టు పెట్టి, రిమోటు చేతిలోకి తీసుకుని, ఫాస్ట్ ఫార్వర్డ్ మీద బొటనవేలు ఆనించేవారు. పెళ్లికొడుకు గబగబా పీటల మీద కూర్చునేవాడు, గబగబా లేచేవాడు, భోజనాల బంతి మొత్తం పిడుగులా తినేసి వెళ్లిపోయేది. ఎక్కడో ఒకచోట మాస్టారి బొటనవేలు పైకి లేచేది. అక్కడ పెళ్లి మామూలు నడకలోకి వచ్చేది. ఆయన వేలు లేచిందంటే ఆ ముక్క బాగున్నట్టు. అంతకు మించిన సర్టిఫికెట్టు ఆ స్టూడియోలో ఎవరికీ రాలేదు.

మూడు గంటల క్యాసెట్టులో రెండుసార్లు వేలు లేస్తే ఆ రోజు మాకు పండగ. ఇంటర్నెట్టులో మీకు లక్షమంది చూశారని అంకె కనపడుతుంది. వాళ్ల బొటనవేళ్లు ఎక్కడున్నాయో మాత్రం కనపడదు.

నా కాళ్లు నటించిన పెళ్లి

నేర్పింది మాస్టారైనా, బుద్ధి చెప్పింది నా తప్పే.

సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగు కొండయ్య గారి పెళ్లి. పంటు అంటే తెలియనివాళ్లకు: మనుషుల్నీ, సైకిళ్లనీ, ఆటోల్నీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించి నర్సాపురంలో దింపే బల్లకట్టు లాంటి పెద్ద పడవ. పంతులు గారు మంత్రాలు సాగదీస్తున్నారు. బ్యాటరీ ఆదా చేద్దామని కెమెరా ఆపాను. భజంత్రీలు ఒక్కసారిగా హోరెత్తేసరికి కంగారుపడి మీట నొక్కాను. కంగారులో రెండుసార్లు నొక్కాను. అంటే, కెమెరా తీస్తోందనుకున్నంతసేపూ ఆగే ఉంది. అంతా అయ్యాక ఆపుదామని మళ్లీ నొక్కాను. అప్పుడు తీయడం మొదలెట్టింది. నేనేమో దాన్ని చంకలో తలకిందులుగా పెట్టుకుని పానకం తాగడానికి వెళ్లాను.

మర్నాడు క్యాసెట్టులో తాళి కట్టే చోట ఏడు నిమిషాల పాటు నా రెండు పాదాలున్నాయి. పక్కన ఎవరో పారేసిన తమలపాకు.

మాస్టారి బొటనవేలు లేచింది. ఏడు నిమిషాలూ మామూలు నడకలో చూశారు. నేను గోడకు అంటుకుపోయాను. చివరికి రిమోటు పక్కన పెట్టి ఒక్కమాట అన్నారు.

"కాలిగోళ్లు తీసుకోరా."

అంతే. ఆ తర్వాత నేనొక నియమం పెట్టుకున్నాను. కెమెరా ఒకసారి నొక్కానంటే, క్యాసెట్టు మార్చడానికి తప్ప ఆపేది లేదు. పెళ్లికూతురు తల్లి కళ్లు తుడుచుకోవడం, మావగారు గొడుగు కోసం వెతుక్కోవడం, అన్నీ ఆపకుండా తీసేవాణ్ణి. తోటివాళ్లు నన్ను "ఆపని సూరిబాబు" అని ఎగతాళి చేసేవారు. భుజం మాత్రం మెల్లగా ఇనుమైంది.

కొండయ్య గారి సంగతా? ఆయన నన్నేమీ అనలేదు. వాళ్లావిడ మాత్రం బంధువులందరికీ, "మా పెళ్లికి సాక్ష్యం ఆ వీడియో అబ్బాయి కాళ్లేనండీ" అని చెప్పిందట. పదేళ్లకు పైగా ఆ రేవు మొహం చూడలేదు. నర్సాపురంలో పనిపడితే చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

కట్ చెప్పని సినిమా

రెండువేలు దాటి అయిదారేళ్లయింది. హైదరాబాదు నుంచి రఘు గారని కుర్ర దర్శకుడు రాజోలు వచ్చారు. ఎక్కడా కట్ చెప్పకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే షాటులో సినిమా తీస్తారట. టేపు గంటకు మించి రాదు కనుక, ఇటుకంత హార్డ్ డిస్కు పెట్టెను కెమెరాకు తీగతో తగిలించి తెచ్చారు.

కథ చిన్నది. నర్సాపురంలో పెళ్లి. తొమ్మిదిన్నరకి ముహూర్తం. తాళిబొట్టు ఇవతలి ఒడ్డున ఇంట్లో మర్చిపోయారు. పెళ్లికూతురి పిన్ని దాన్ని తీసుకుని, నడిచి, ఆటో ఎక్కి, పంటు దాటి అందించాలి. సినిమా ఎంతసేపో ఆవిడ ప్రయాణం అంతసేపు. పిన్నిగా వేసింది భారతి గారు, కాకినాడ నాటకాల్లో పేరున్న మనిషి.

మధ్యలో ఎక్కడ తప్పినా మొదటికి రావాలి. పొద్దున్న ఎనిమిదికి మొదలెట్టి, తొమ్మిదింపావు పంటు అందుకోవాలి కనుక రోజుకు ఒక్కసారే కుదురుతుంది. కెమెరా మూడు రోజులే ఉంటుంది. నాలుగో రోజు అది ఇంకెవరికో, భారతి గారు ఇంకెక్కడికో. అంటే మూడుసార్లు. మూడోది తప్పితే సినిమా లేదు.

నాకిచ్చిన పని జనాన్ని చూసుకోవడం. పెళ్లి వీడియోవాణ్ణని తెలిసి, కెమెరామన్ ఆనంద్ గారు నవ్వి, "మీరు పూలదండలో గుండె గుర్తేసి, అందులో పెళ్లికూతుర్ని పెడతారు కదా" అన్నారు.

"ఆయ్. పెళ్లికొడుకుని కూడా పెడతామండి" అన్నాను.

రేవు పేరు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. సఖినేటిపల్లి. సరంగు ఇప్పటికీ కొండయ్య గారే.

మజ్జిగ

పిన్ని నడిచే దారి మా ఊళ్లోంచే. ఇంటింటికీ తిరిగి చెప్పాను: కెమెరా వైపు చూడొద్దు, మీ పని మీరు చేసుకోండి. పెళ్లి వీడియోలకు అలవాటుపడ్డ ఊరు. కెమెరా కనపడితే నిటారుగా నిలబడి, అది దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టే జనం. అయినా మాట నిలబెట్టుకున్నారు. మొదటి రోజు ముప్పై నిమిషాలు ఒక్కరంటే ఒక్కరు కెమెరాను చూడలేదు.

ముప్పై ఒకటో నిమిషంలో మహాలక్ష్మమ్మ గారి అరుగు వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఇత్తడి గ్లాసుతో మజ్జిగ పట్టుకుని తిన్నగా ఆనంద్ గారి దగ్గరకు వచ్చేశారు.

"బాబూ, ఎండలో అంత బరువేసుకుని తిరుగుతున్నావు. కాస్త పుచ్చుకుని వెళ్లు నాయనా."

అయిపోయింది. రఘు గారు తలపట్టుకుని కాలవ గట్టు మీద కూర్చున్నారు. నేను పరిగెత్తాను.

"అత్తయ్య గారూ, చెప్పేను కదండీ, కెమెరా వైపు చూడొద్దని."

"చూడలేదయ్యా. కెమెరా ఏ రంగో కూడా నాకు తెలీదు. మోసేవాడికి దాహం వెయ్యదేటి మరి? మా అరుగు ముందు నుంచి వట్టి గొంతుతో వెళ్లేడంటే నలుగురూ నన్నంటారా, నిన్నంటారా?"

రఘు గారు మంచివారు, పట్టుదల మనిషి. కానీ ఆయనకు మా ఊరు ఫొటోల్లో తెలుసు. కొబ్బరిచెట్లు ఎక్కడున్నాయో చూసుకున్నారు కానీ, వాటి కింద ఉండేవాళ్లు ఏం చేస్తారో లెక్కలోకి తీసుకోలేదు. మా సీమలో పరాయి మనిషి గుమ్మం ముందు నుంచి వెళితే ఏదో ఒకటి పుచ్చుకుని వెళ్లాలి. దాన్ని ఆపమంటే గోదావరిని ఆపమన్నట్టే.

ఇక్కడొక మాట రాసిపెట్టుకోండి. జనాన్ని మార్చి షాటు తీయలేం. జనం ఎలా ఉంటారో తెలుసుకునే తీయాలి.

నా ఉపాయం, దాని ఫలితం

ఆ సాయంత్రం నాకొక ఉపాయం తట్టింది. మర్యాద అనేది ఒకసారి జరిగిపోతే మర్నాడు మళ్లీ చెయ్యనక్కర్లేదు. అందుకని ఆనంద్ గారిని వెంటబెట్టుకుని, దారి పొడుగునా ఉన్న ఇరవై రెండిళ్లకూ తీసుకెళ్లాను. "ఈయనేనండి రేపు మోసేది. ఇవ్వాల్సిందేదో ఇవాళే ఇచ్చెయ్యండి" అన్నాను.

ఇచ్చారు. ఒకరింట్లో గారెలు, ఒకరింట్లో పనసతొనలు, ఇంకొకరింట్లో పూతరేకులు, ఆ పక్కింట్లో మళ్లీ గారెలు. వద్దంటే బాధపడతారని నేనే ఆయన చెవిలో చెప్పాను. పన్నెండో ఇంటి దగ్గర ఆయన చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయి పెరట్లో కోడికి తగిలిందంటే మీరు నమ్మరు. మహాలక్ష్మమ్మ గారు చెంబెడు మజ్జిగ దగ్గరుండి తాగించి, "ఇప్పుడు నాకు మనసు కుదుటపడింది" అన్నారు.

రెండో రోజు ఉపాయం పారింది. ఇరవై రెండు గుమ్మాల్లో ఒక్క గ్లాసు బయటకు రాలేదు. ముప్పై ఒకటి దాటాం, నలభై దాటాం. కాలవ మీద తాటి వంతెన దాటాం. రఘు గారు వెనక నడుస్తూ నా చెయ్యి గట్టిగా నొక్కారు.

యాభై ఎనిమిదో నిమిషంలో, కొబ్బరికాయలు వలిచే తోటలో, ఆనంద్ గారు ఆగారు. ముఖం పాలిపోయింది. కెమెరాను గడ్డిమీద పెట్టి, రెండు చేతులతో కడుపు పట్టుకుని, కొబ్బరిచెట్టు చాటుకు వెళ్లారు. చాలాసేపటిదాకా రాలేదు.

అది నా తప్పు. ఎక్కడా దాచుకోలేదు, ఇక్కడా దాచుకోను. ఊరి గురించి ఆలోచించాను కానీ, ఆయన కడుపు గురించి ఆలోచించలేదు. సమస్యను తీర్చేటప్పుడు దాన్ని ఎవరి మీదకు నెడుతున్నామో చూసుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఆనంద్ గారు నులకమంచం మీద నీరసంగా పడుకుని ఉన్నారు. రేపు లేచి నిలబడగలరేమో కానీ, మోయలేరు. రఘు గారు బట్టలు సర్దుకుంటున్నారు. భారతి గారు గుమ్మంలో నిలబడి నన్ను చూశారు.

"సూరిబాబు గారూ, మీరు పెళ్లి ఎంతసేపు మోసేవారండీ?"

"సాయంత్రం ఎదురుకోలు నుంచి మర్నాడు అప్పగింతల దాకానండి."

"మధ్యలో ఆపేవారా?"

"ఒకసారి ఆపేనండి. తర్వాత ఆపలేదు."

మంచం మీంచి ఆనంద్ గారు కళ్లు తెరవకుండానే అన్నారు: "డిస్కు పెట్టె నేను మోస్తాను. కెమెరా ఆయనకివ్వండి."

ఆ ఒక్క మాటతో ఆయన నా దృష్టిలో చాలా పెద్దవారయ్యారు. పెద్ద కెమెరామన్లు చాలామంది కనిపిస్తారు. తన కెమెరా ఇంకొకడి భుజం మీద పెట్టి, వాడి వెనక పెట్టె మోస్తానన్నవాణ్ణి నేను ఆయన్ని తప్ప చూడలేదు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని కాలిగోళ్లు తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. పరీక్షకు ముందు పెన్ను కడుక్కున్నట్టు.

మూడో రోజు

ఎనిమిదింటికి మీట నొక్కాను. ఒక్కసారే నొక్కాను. ఎర్రలైటు వెలిగిందో లేదో మూడుసార్లు చూసుకున్నాను.

మొదటి పది నిమిషాలు గుండె చప్పుడు కెమెరాలో వినపడుతుందేమోనని భయపడ్డాను. తర్వాత భుజం తన పని తాను గుర్తుతెచ్చుకుంది. భారతి గారి వీపు, ఆవిడ గుప్పిట్లోని పసుపు గుడ్డ, గుడ్డలో తాళి. దాన్ని వదలకుండా పోవడమే. నాకది కొత్త కాదు. పెళ్లికూతురి వెనక నడిచినట్టే నడిచాను.

ముప్పై ఒకటో నిమిషంలో మహాలక్ష్మమ్మ గారు గుమ్మంలోంచి బయటకు వచ్చారు. చేతిలో ఇత్తడి గ్లాసు.

అప్పుడు అర్థమైంది. నిన్నటి మర్యాద ఆనంద్ గారికి జరిగింది. ఇవాళ మోసేది వేరే మనిషి. ఆవిడ లెక్క ఆవిడకు సరిగ్గానే ఉంది.

ఆపలేను, నోరు తెరవలేను. ఎడమవైపు అరడుగు జరిగాను. అంతే చెయ్యగలిగింది. నాకూ ఆవిడకూ మధ్యలోకి భారతి గారు వచ్చారు. ఆవిడ ఒక్క క్షణం కూడా తడబడలేదు. చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండత్తయ్య గారూ, గొంతు ఎండిపోతోంది" అన్నారు.

మహాలక్ష్మమ్మ గారు నా వంకా, ఆవిడ వంకా చూసి గ్లాసు ఇచ్చారు. అక్కడితో ఊరుకోలేదు.

"ఎక్కడికమ్మా అంత పరుగు?"

"నర్సాపురమండి. పెళ్లి. తాళి ఇంట్లో మర్చిపోయేరు."

"తాళి మర్చిపోయేరా? మరి గుర్తుపెట్టుకుని ఏం తీసుకెళ్లేరమ్మా, పేకముక్కలా?"

భారతి గారికి మజ్జిగ పొలమారింది. నిజంగానే పొలమారింది. మహాలక్ష్మమ్మ గారు ఆవిడ నెత్తిమీద రెండు తట్టి, కొంగుతో మూతి తుడిచి, "వెళ్లు. వెళ్లు మరి. నిలబడతావేటి?" అని తరిమారు.

అంతటి సీను కాగితం మీద ఎవరు రాయగలరు? తర్వాత పేపరువాళ్లు అడిగితే, తనే రాశానని రఘు గారు చెప్పుకున్నారు. అప్పుడు నేనేం అనలేదు. ఇప్పుడంటున్నాను.

కానీ ఆ మజ్జిగ రెండు నిమిషాలు తినేసింది. తాటి వంతెన, కొబ్బరితోట, ఆటో. ఆటోలో సగం బయటకు వేలాడుతూ తీశాను. ఆనంద్ గారు తీగ తెగకుండా పెట్టెను కడుపుకు హత్తుకుని నా వెనక నక్కి కూర్చున్నారు. రేవు మలుపు తిరిగేసరికి తొమ్మిదీ పదిహేడు. పంటుకు తాడు విప్పేశారు. ఒడ్డుకూ దానికీ మధ్య మూరెడు నీళ్లు కనపడుతున్నాయి.

భారతి గారు పరిగెత్తారు. వెనక నేను. డెబ్భై ఏడు నిమిషాల సినిమా ఆ మూరెడు నీళ్ల దగ్గర ఆగిపోబోతోంది. పైన చక్రం దగ్గర కొండయ్య గారు. జుట్టు నెరిసింది కానీ మనిషి ఆయనే. భారతి గారిని చూశారు. ఆవిడ వెనక నన్ను చూశారు. నన్ను గుర్తుపట్టారని నాకు తెలిసింది. ఎందుకంటే ఆయన చూపు నా ముఖం మీంచి తిన్నగా నా కాళ్ల మీదకు దిగింది.

ఇంజను చప్పుడు తగ్గింది. పంటు వెనక్కి వచ్చి ఒడ్డుకు తగిలింది. ఎక్కడానికి చెక్క పలక ఒడ్డు మీద పడింది.

"రండమ్మా, రండి" అన్నారు కొండయ్య గారు, తాపీగా. "తాళి కట్టే వేళకి ఏదీ తప్పిపోకూడదండి. ఆ బాధ మాకు తెలుసు."

"ఆయ్" అన్నారు భారతి గారు, ఆయాసపడుతూ.

పలక ఎక్కేటప్పుడు కాలు జారుతుందని ఒక్క క్షణం కిందకు చూశాను. కెమెరా కూడా నాతో వంగింది. దానిలో ఏం పడిందో తెలియదు. వెంటనే లేపేశాను.

తర్వాత అంతా నది. నా భుజంలో రెండు నిప్పుకణికలు పెట్టినట్టుంది. ఎడమచెయ్యి ఉందో లేదో తెలియలేదు. భారతి గారు రెయిలింగు దగ్గర నిలబడి గుప్పిట విప్పి చూసుకుని మళ్లీ మూశారు. నర్సాపురం ఒడ్డు నెమ్మదిగా పెద్దదయింది. దూరం నుంచి సన్నాయి. ఆవిడ దిగారు, మెట్లెక్కారు, పందిట్లోకి చేరి చెయ్యి చాపారు. ఇంకెవరిదో చెయ్యి పసుపు గుడ్డ అందుకుంది. భజంత్రీలు హోరెత్తాయి.

నేను ఆపలేదు. రఘు గారు నా వీపు తట్టి, "అయిపోయింది, కట్, కట్" అని ఏడుస్తున్నా ఆపలేదు. తాళి కట్టాక, అక్షింతలు పడ్డాక, అప్పుడు నొక్కాను. సినిమాలో కూడా ఆ చివరి ముక్క అలాగే ఉంచారు. తొంభై నాలుగు నిమిషాలు.

కెమెరా దించాక ఆనంద్ గారు నా భుజం పట్టుకుని కొంతసేపు వదల్లేదు. కొండయ్య గారు పంటు అక్కడే కట్టేసి మెట్లెక్కి వచ్చి, "అయితే ఈసారి పడిందేటయ్యా తాళి?" అని అడిగారు. పడిందన్నాను. "ఇంక రేవులోంచే వెళ్లు. చుట్టూ తిరక్కు" అన్నారు.

అమలాపురంలో మొదటి ఆట

హాలు నిండిపోయింది. మా ఊరి జనం లారీ కట్టించుకుని వచ్చారు. మజ్జిగ దగ్గర ఈలలు, పేకముక్కల దగ్గర చప్పట్లు. ముందు వరసలో మహాలక్ష్మమ్మ గారు వెనక్కి తిరిగి అందరికీ చెబుతున్నారు: "ఆ గ్లాసు మా ఇంట్లోదే." పంటు వెనక్కి వచ్చినప్పుడు హాలంతా లేచి నిలబడింది. నేలటిక్కెట్లలో ఎవరో కొండయ్య గారికి జై కొట్టారు. ఆయన తల వంచుకుని నవ్వుకున్నారు.

నేను ఇవేవీ సరిగ్గా చూడలేదు. నా పక్క కుర్చీలో అబ్బులు మాస్టారున్నారు. నేనే తీసుకొచ్చాను. నా కళ్లు కుర్చీ చెయ్యి మీదున్న ఆయన కుడి బొటనవేలి మీదే ఉన్నాయి.

మొదటి నిమిషంలో అది ఒకసారి నొక్కుకుంది. అలవాటు. తర్వాత పైకి లేచింది. మళ్లీ కిందకు దిగలేదు. తొంభై మూడు నిమిషాలు.

దీపాలు వెలిగాయి. జనం నా చుట్టూ మూగుతున్నారు. మాస్టారు కండువా దులుపుకుని లేచి, నా చెవి దగ్గరకు వంగారు.

"పలకెక్కేటప్పుడు నీ కాళ్లు పడ్డాయిరా."

"ఆయ్, మాస్టారండి."

"గోళ్లు తీసుకున్నావు" అన్నారు.